ఐ గారి పట్టా

విశ్వవిద్యాలయం వారు నా ఇంటిపేరు పీకేసి ఇంకెవరిదో తగిలించారు. నాతో ఆగకుండా మా నాన్నదీ పీకేశారు. ఆయన పోయి అప్పటికే చాలాకాలమైంది కనుక కిక్కురుమనలేకపోయాడు. నేను బతికే ఉన్నాను కనుక అన్నాను.

పట్టా మీద పైన తెలుగు, కింద ఇంగ్లీషు. రెండింట్లోనూ అదే ఘోరం. నా పేరు ముందు 'ఐ' అని ఒక అక్షరం, పక్కన చుక్క. తండ్రి పేరు అన్నచోట మా నాన్న పేరు, దాని ముందు మళ్ళీ ఐ, మళ్ళీ చుక్క. మా ఇంటిపేరు 'పె'తో మొదలవుతుంది. ఐతో మొదలయ్యే ఇంటిపేర్లవాళ్ళు కోనసీమలో ఉన్నారు, మంచివాళ్ళే, కానీ వాళ్ళకీ మాకూ ఇచ్చిపుచ్చుకోడాలు ఎన్నడూ లేవు. విశ్వవిద్యాలయం వారు మధ్యవర్తిత్వం అక్కర్లేకుండా ఏకంగా దత్తత చేసేశారు.

ఒక్క అక్షరానికి ఇంత యాగీ దేనికి అనుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళు బళ్ళో చదువుకున్నవాళ్ళై ఉంటారు. వాళ్ళ ఇంటిపేరు మాస్టారు రోజూ హాజరు పట్టీలో పిలిచి పిలిచి అరగదీసి ఉంటాడు. మాది అలా కాదు. మా నాన్న దింపు కార్మికుడు. కొబ్బరిచెట్టెక్కి కాయ దింపడం ఆయన పని. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళే గాని ఇంటిపేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఇంటిపేరుతో పిలవడానికి వెనక గారు ఉండాలి, ముందు పొలం ఉండాలి. మా ఇంటిపేరు అప్పటిదాకా కాగితం మీద కన్నా గిన్నెల మీదే ఎక్కువ ఉండేది.

గిన్నెలంటే ఎన్నో కావు. ఒక గుండిగ, కొన్ని ఇత్తడి గిన్నెలు, ఒక బిందె. మా అమ్మ కాపరానికొచ్చాక ఒక్కొక్కటే కొనుక్కుని, కొన్నప్పుడల్లా పేర్లు కొట్టేవాడి చేత అంచు దగ్గర 'పె' అని చుక్కలు చుక్కలుగా కొట్టించింది. వీధిలో పెళ్ళి వచ్చిందంటే అందరి గుండిగలూ పెళ్ళివారింటికి వెళ్ళేవి. పెళ్ళయ్యాక ఎవరివి వాళ్ళకి చేరాలి కదా, అక్కడే గొడవ. మా అమ్మకి చదువు లేదు. ఆవిడ ఎరిగిన అక్షరం ఆ 'పె' ఒక్కటే. ఆ ఒక్కటీ మాత్రం మసిపట్టిన గిన్నె మీదైనా, చీకటి వంటింట్లోనైనా వేలితో తడిమి చెప్పేసేది. మా గిన్నె ఏనాడూ పరాయి అటక ఎక్కలేదు.

పట్టా వచ్చిన రోజు ఆవిడకే ముందు చూపించాను. వీధరుగు మీద ఎండలోకి జరిగి, కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, ఈ మూల నుంచి ఆ మూలకి వెతికింది. శుక్లాలు వచ్చి ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోది మసక. అమలాపురం డాక్టరు ఆపరేషన్ చేస్తానంటే, ఉన్న కన్ను కూడా నీకెందుకిస్తానురా అని వచ్చేసింది. వెతికి వెతికి కాగితం నా చేతిలో పెట్టేసింది.

"ఇది మనది కాదురా. మన అక్షరం లేదు దీనిమీద. ఎవరిదో మనకొచ్చింది, మనది ఎవరింటికెళ్ళిందో. వెళ్ళి మార్చుకురా. నాకు చూపున్నప్పుడే తేవాలి సుమా, గిన్నైతే తడిమి చెబుదును, కాగితం వేలికి తగలదు."

ఇదీ నాకు పట్టుకున్న పని. రిజిస్ట్రారు గారి ఆఫీసులోంచి మా 'పె'ని మా అమ్మ కన్ను ఆరిపోయేలోగా వెనక్కి తేవడం.

అసలు ఈ చదువు నాకెందుకు వచ్చిపడిందో చెప్పాలి. నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి వర్తకుడి కొట్లో గుమస్తాని. బడిమొహం చూళ్ళేదు. బస్తాల మీద రాతలు, పొట్లం కట్టిన పేపరు ముక్కలు, ఆ తరవాత ఊరి లైబ్రరీలో చెదలు తినగా మిగిలినవి, ఇవీ నా పాఠ్యపుస్తకాలు. తొంభైల్లో పెద్ద తుపాను వచ్చి చెట్లన్నీ మొదలంటా పడుకున్నాక కొట్లో పని సగానికి సగం పోయింది. లెక్కపెట్టడానికి కాయ లేదు కాబట్టి కాగితం పట్టాను. బడికి వెళ్ళనివాళ్ళు కూడా ఒక ప్రవేశపరీక్ష రాసి డిగ్రీ చదవొచ్చని పేపర్లో పడింది. అమలాపురంలో కాలేజీలో ఆదివారాలు క్లాసులు. నా పక్క బెంచీలో నా కూతురి ఈడు వాళ్ళు కూర్చునేవారు. మాస్టారు లోపలికి రాగానే అందరూ లేచి నిలబడేవారు, నన్ను చూసి మాస్టారు కూడా కూర్చోకుండా నిలబడేవాడు.

మా ఇంట్లో నా చదువుని హర్షించనివాడు ఒక్కడు ఉండేవాడు. మా అక్కయ్య మొగుడు. ద్రాక్షారామం దగ్గర తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కోటిపల్లి రేవులో పంటెక్కి, గోదారి దాటి ముక్తేశ్వరంలో దిగి, బస్సు పట్టుకుని మరీ వచ్చేవారు, నన్ను వెక్కిరించి భోంచేసి వెళ్ళడానికి. పట్టా చూసిన రోజున ఆయన ఆనందం ఆయన కొడుకు పెళ్ళిలో కూడా చూళ్ళేదు.

"ఏవయ్యా బావమరిదీ, ఇంగ్లీషులో ఐ అంటే నేను అని కదా. నేను అన్నాక నువ్వేగా. ఇంకా పేరెందుకు దండగ."

అప్పట్నుంచీ నన్ను ఐ గారు అనడం మొదలుపెట్టారు. వీధిలోంచే కేకేసేవారు, ఐ గారింట్లో కాఫీ దొరుకుతుందాండీ అని. శుభలేఖ పంపితే కవరు మీద ఐ గారికి అని రాసేవారు. పోస్టుమాను దాన్ని తెచ్చి సరిగ్గా మా ఇంట్లోనే ఇచ్చేవాడు. ఊరంతా పాకిపోయిందన్నమాట.

మూడేళ్ళపాటు హాలు టిక్కెట్లొచ్చాయి కదా, అప్పుడే చూసుకోలేదా అని మీరు అడగొచ్చు. చూసుకున్నాను. హాలు టిక్కెట్టు అంతా ఇంగ్లీషు. పేరు ముందు నిలువుగా ఒక గీత. మొదటి సంవత్సరం కనుక రోమను అంకె ఒకటి అనుకున్నాను. రెండో ఏడు కూడా ఒకటే గీత వచ్చింది. తప్పాను కాబోలు అని హడలిపోయి స్టడీ సెంటరులో అడిగితే, పాసయ్యారండీ, అది ప్రింటింగులో ఏదో లెండి, అన్నారు. మూడో ఏడూ ఆ గీత అక్కడే నిలబడింది. నేనే ముందుకు వెళ్ళాను.

సరే, రిజిస్ట్రారు గారికి రాశాను. మా అక్షరం ఇది, మీరు వేసిన అక్షరం అది, దయచేసి మార్చండి అని నాలుగు ముక్కలు. కొన్నాళ్ళకి అచ్చువేసిన జవాబు వచ్చింది. పేరులో సవరణ పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం మాత్రమే చేస్తారట, దాని నకలు జతచేయాలట.

ఆ జవాబు చదివి అన్నం తినలేదు. బడికి వెళ్ళనివాళ్ళ కోసం పెట్టిన చదువు. బడికి వెళ్ళలేదని ఒప్పుకుంటేనే ప్రవేశపరీక్ష రాయనిచ్చారు. ఇప్పుడు బడికి వెళ్ళినట్టు రుజువు తెమ్మంటారు. గుండు గీయించుకుంటేనే లోపలికి రానిచ్చి, లోపలికెళ్ళాక జడ ఏదీ అన్నట్టుంది. ఈ మాటే మళ్ళీ ఉత్తరంలో రాశాను. గుండు సంగతి కూడా రాశాను.

ఈసారి జవాబు టైపు కొట్టి వచ్చింది. ముందుకన్నా మర్యాదగానే ఉంది. పదో తరగతి లేనివారు వేరే గుర్తింపు పత్రం పంపవచ్చన్నారు. ఓటరు కార్డు తీశాను. అందులో ఇంటిపేరు సరిగ్గా ఉంది. కాకపోతే తండ్రి అని ఉండవలసిన చోట భర్త అని పడింది. అంటే మా నాన్న నాకు భర్త. అది పంపితే ఈ మాటు ఇంటిపేరుతో ఆగరు, ఇంకేం మారుస్తారో అని లోపల పెట్టేశాను. గెజిటెడ్ అధికారి ఎవరైనా నన్ను ఎరుగుదునని రాసిస్తే చాలని ఎవరో అంటే, మా మండలంలో దొరికిన గెజిటెడ్ అధికారి దగ్గరికి వెళ్ళాను. పశువుల డాక్టరు. ఆయన మా గేదెని నాకన్నా బాగా ఎరుగుదురు. అయినా పచ్చసిరాతో, ఈయన్ని వ్యక్తిగతంగా ఎరుగుదును, ఇంటిపేరు ఇదే, అని రాసి ముద్ర వేశారు.

"పళ్ళు చూసి రాసేడా, ఊరికే రాసేసేడా," అన్నారు మా బావగారు.

దానికి జవాబుగా రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఒక జెరాక్సు కాగితం వచ్చింది. నేను చేరినప్పటి దరఖాస్తు. మీ రికార్డులో మొదటినుంచీ ఇదే ఉన్నది, పట్టా రికార్డు ప్రకారమే ఇవ్వబడినది, అన్నారు. చూద్దును కదా, నా పేరు ముందు ఐ. మా నాన్న పేరు ముందు ఐ. కింద నా సంతకం, మంచి దస్తూరీ, ఇంటిపేరుతో సహా పూర్తిగా. రాసింది మాత్రం నేను కాదు. ఆ రోజు కౌంటర్లో గుమస్తా, దూరపు జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రవాడు, మీరు రాస్తే కొట్టివేతలొస్తాయి, మేమే రాస్తాం, చెప్పండి చాలు, అన్నాడు. అతను గబగబా అడిగాడు, నేను గబగబా చెప్పాను. నేను ఐ అని చెప్పలేదు. ఎందుకు చెబుతాను.

మా బావగారు ఆ జెరాక్సుని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదివారు. "చదువుకోడానికి వెళ్ళి, చదవకుండా సంతకం పెట్టేవటయ్యా," అన్నారు. జెరాక్సు ఆయన చేతిలోంచి లాక్కుని పట్టా వెనకాల పెట్టేశాను.

మా అమ్మ పోస్టు వచ్చినప్పుడల్లా అడిగేది, మార్చేరా అని. ఇంకా లేదే అంటే, పెళ్ళివారు అంతేరా, వాళ్ళది వాళ్ళకి ముట్టేదాకా మనది బయటికి తియ్యరు, ముందు వాళ్ళది పట్టుకెళ్ళి వాళ్ళ మొహాన పడెయ్యి, అనేది. ఒకరోజు పొద్దున్న కాఫీ గ్లాసు అనుకుని ఉప్పుగిన్నె అందుకుంది. ఆ వారంలోనే బయల్దేరాను, పట్టా ఒక తువ్వాలులో చుట్టుకుని.

రావులపాలెంలో పట్నం బస్సెక్కి, పొద్దున్నే దిగి, మొహం కడుక్కుని విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. వరసగా కిటికీలు. ఒక కిటికీ దగ్గర మార్కుల జాబితాలు, ఒక కిటికీ దగ్గర బదిలీ సర్టిఫికెట్లు, ఒక కిటికీ దగ్గర ఏమీ లేదు గాని క్యూ ఉంది. పోయిన పట్టాలవాళ్ళు, తడిసిన పట్టాలవాళ్ళు, పేరు మారినవాళ్ళు, పుట్టినరోజు మారినవాళ్ళు. ఒకాయన పట్టాలో ఆయన పెళ్ళాం ఫొటో అంటించారట. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, పక్కనున్న ఆవిడ నవ్వడం లేదు. లోకంలో ఇంతమంది తమని తాము దిద్దుకోడానికి వస్తారని నాకు అప్పటిదాకా తెలీదు. నా కోపం ఆ క్యూలో కొంచెం పల్చబడింది. నా వంతు వచ్చేసరికి మళ్ళీ చిక్కబరుచుకున్నాను.

సవరణల కిటికీలో ఒకమ్మాయి కూర్చుంది. కోస్తా పిల్ల కాదు, మాట యాస వేరు. కొత్త కాగితం ఒకటి తీసి పెన్ను పట్టుకుంది. ఇంటిపేరు పొడి అక్షరం ఒక్కటి చాలు, ఏమిటో చెప్పండి, అని అడిగింది.

"ఆయ్," అన్నాను.

ఆ అమ్మాయి రాసుకుని, తరవాత పేరు, అంది. కిటికీ కమ్మీల్లోంచి తొంగిచూశాను. కాగితం మీద నిలువుగా ఒక గీత. పక్కన చుక్క.

"అదేంటమ్మా, మళ్ళీ ఐ రాసేవు?"

"మీరే చెప్పారు కదా సార్."

"నేనెప్పుడు చెప్పేను?"

"ఇప్పుడే. ఇంటిపేరు అక్షరం చెప్పండి అంటే ఆయ్ అన్నారు."

"ఆయ్ అంటే ఐ కాదు తల్లీ. ఆయ్ అంటే ఆయ్."

"ఆయ్ అంటే?"

ఏం చెప్పను. పుట్టిన దగ్గర్నుంచీ అంటున్న మాటకి అర్థం ఇదీ అని ఎవరైనా చెప్పగలరా. అన్నం అంటే ఏమిటంటే ఏం చెబుతాం. మా కోనసీమలో ఎవరేం చెప్పినా, ఎవరేం అడిగినా ముందొక ఆయ్ పడాలి. విన్నాను, సరే, చిత్తం, చెబుతాను ఉండండి, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. అది అనకుండా జవాబు చెప్పేస్తే పెద్దవాళ్ళు పొగరనుకుంటారు. పొగరులేనందుకు నా ఇంటిపేరు పోయింది.

లోపల్నుంచి వాళ్ళ సూపరింటెండెంటు వచ్చారు. నెరిసిన జుట్టు, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు. సంగతంతా విన్నారు.

"అంటే మీ వైపు ఆయ్ అంటే అవును అనా?"

"ఆయ్," అన్నాను.

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టేసి, మొహానికి ఫైలు అడ్డం పెట్టుకుంది. ఫైలు వణుకుతోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అమలాపురం కౌంటరు కళ్ళముందు కనపడింది. ఇంటిపేరు అక్షరం చెప్పండి, ఆయ్. ఆ కుర్రవాడు గీత గీసేశాడు. పేరు చెప్పండి అన్నాడు, చెప్పాను. ఇంటిపేరు మళ్ళీ అడుగుతాడు కదా అనుకున్నాను, అడగలేదు. మీ నాన్నగారి ఇంటిపేరు కూడా అదేనా అని ఉంటాడు. ఆయ్ అని ఉంటాను. పోయిన మనిషిని కూడా మర్యాదగా ముంచేశాను.

సూపరింటెండెంటు గారు నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేయించారు. నిజం చెప్పాలి, మంచినీళ్ళూ ఇప్పించారు. కానీ ఆయన బాధ ఆయనది. పేరు మార్చడానికి వాళ్ళకి మూడు దారులే ఉన్నాయట. పెళ్ళి, దత్తత, గెజిట్టు ప్రకటన. నాకు పెళ్ళయింది గాని నేను వాళ్ళింటి పేరు పెట్టుకోలేదండీ అన్నాను. దత్తత మీరే చేసేరు, నేను అడగలేదు, అన్నాను. ఆయన నవ్వారు గాని మెత్తబడలేదు.

"మీకు అడ్డంపడాలని కాదండి. ఎవరొచ్చి అడిగితే వాళ్ళకి రికార్డు మార్చేస్తామనుకోండి. రేపు ఇంకొకడొచ్చి మీ పట్టా మీద వాడి పేరు రాయించుకుపోతాడు. మీ అక్షరం మీదే అని మేం కాపలా కాయాలంటే, తప్పక్షరాన్ని కూడా అంత గట్టిగానే కాయాలి."

ఆ మాట న్యాయంగానే ఉంది. న్యాయంగా ఉన్నందుకు నాకు ఇంకా కోపం వచ్చింది. అన్యాయమైతే ఓ నాలుగు మాటలని కోపం దింపుకుని వచ్చేసేవాణ్ణి.

ఆఖరికి ఆయనే ఒక దారి చెప్పారు. దీన్ని గుమస్తా వినికిడిలో జరిగిన పొరపాటుగా పెడతాం. కానీ పైన రిజిస్ట్రారు గారు అడుగుతారు, ఆయ్ అనే మాట నిజంగా ఉందా, ఈయన కల్పించారా అని. మీ ప్రాంతంలో జనం అలా అంటారని అక్కడి రెవెన్యూ అధికారి చేత రాయించి పంపండి. మిగతాది నేను చూసుకుంటాను. అని నా దగ్గర పట్టా తీసుకుని రశీదు రాసిచ్చారు.

తువ్వాలు ఖాళీగా పట్టుకుని ఇంటికొచ్చాను. ఉన్నదీ పోయిందా అన్నారు మా బావగారు. మా అమ్మ మాత్రం సంతోషించింది. వాళ్ళది వాళ్ళకిచ్చేసేవు కదా, ఇంక మనది వస్తుంది, అంది.

మండలాఫీసుకి వెళ్ళి దరఖాస్తు ఇచ్చాను. మా ప్రాంతమున జనులు మాట మాటకూ ఆయ్ అందురని ధ్రువీకరించవలెనని కోరుచున్నాను, అని. లోపలికెళ్ళిన కాగితం వెంటనే నన్ను కూడా లోపలికి లాక్కుంది. మండల రెవెన్యూ అధికారి గారు కొత్తగా వచ్చినవారు, రాయలసీమ మనిషి. నన్ను ఎగాదిగా చూశారు. వేళాకోళమాడడానికి వచ్చావా అన్న చూపు అది. జెరాక్సు చూపించి మొత్తం చెప్పాను. ఆయన తల గోక్కున్నారు.

"కులానికి సర్టిఫికెట్ ఉంది. ఆదాయానికి ఉంది. నివాసానికి ఉంది. దీనికి మా దగ్గర లేదండీ పెద్దాయనా. నేనొచ్చి నెల కాలేదు, మీరంతా ఏమంటారో నాకేం తెలుసు."

అని అటెండరుని పిలిచారు. ఇక్కడ జనం ఆయ్ అంటారా అని అడిగారు.

"ఆయ్," అన్నాడు అటెండరు.

అధికారి గారు నా వంక చూశారు. నేను ఫ్యాను వంక చూశాను. అటెండరుని నేను మేపి తెచ్చానని ఆయన అనుమానం. చదువుకున్నవాడు చెబితే నమ్ముతాననుకున్నారేమో, సీనియర్ అసిస్టెంటు గారిని పిలిపించారు. ఆయన ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, అమలాపురంలో ఎమ్మే చదివినవారు. మీరు కూడా ఆయ్ అంటారా అని అడిగారు అధికారి గారు.

"అబ్బే, అది పల్లెటూరి మాటండీ. మేం చదువుకున్నవాళ్ళం, మా ఇంట్లో ఎవరం అనమండీ."

మా 'పె' గోదాట్లో కలిసిపోయిందనుకున్నాను. అధికారి గారు నా దరఖాస్తు మడిచి పక్కన పెట్టేసి, సరే ఇంక ఆ భూమి శిస్తు ఫైలు పట్టుకురండి, అన్నారు.

"ఆయ్," అన్నారు సీనియర్ అసిస్టెంటు గారు, తలుపు దాకా వెళ్ళి.

అధికారి గారు మడిచిన కాగితాన్ని మళ్ళీ విప్పారు. తన చేత్తోనే రాశారు. ఈ మండలమున జనులు సమ్మతిని, వినికిడిని తెలుపుటకు ఆయ్ అను మాట వాడుదురని, ఈ విషయము స్వయముగా విచారించి తెలుసుకొంటినని. ముద్ర వేస్తున్నప్పుడు భుజాలు కదిలాయి. సీనియర్ అసిస్టెంటు గారు ఫైలుతో తిరిగొచ్చి, ఏం జరిగిందో తెలీక నిలబడ్డారు. ఆయనకి ఇప్పటికీ తెలీదనుకుంటాను. ఈ ముక్క చదివితే తెలుస్తుంది.

ఆ కాగితం రిజిస్టరు పోస్టులో పంపించాక వానలు వచ్చాయి, వెళ్ళాయి. మా అమ్మకి వీధిలో వెళ్ళేవాళ్ళు ఆడో మగో పోల్చుకోవడం కష్టమైపోయింది. గొంతు విని పలకరించేది. ఆపరేషను మాట మళ్ళీ ఎత్తాను. ముందు మన కాగితం రానీ, అది చూశాక ఈ కన్నుతో నాకు వేరే పనేం ఉంది, అప్పుడు కోయించుకుంటాలే, అంది.

మా బావగారు వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్తూ దారిలో మా ఇంట్లో దిగిన రోజున, ఆయన అరుగు మీద ఉండగానే పోస్టుమాను వచ్చాడు. ఐ గారూ, సంతకం పెట్టండి, అన్నాడు. అట్టలు పెట్టి కుట్టిన పెద్ద కవరు. లోపల పట్టా, దానికి గుండుసూదితో గుచ్చిన ఒక ఉత్తరం. నేను ఉత్తరం తీసి బావగారి ఒళ్ళో పడేసి, పట్టా అమ్మ చేతిలో పెట్టాను. నేను చూళ్ళేదు. ముందు ఆవిడే చూడాలి.

ఆవిడ ఎండలోకి జరిగింది. కాగితాన్ని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, మెల్లిగా పక్కకి జరుపుకుంటూ పోయింది. కాగితం ఒకచోట ఆగింది. అలవాటు చొప్పున బొటనవేలు పైకి వెళ్ళి ఆ అక్షరాన్ని రుద్దింది.

"పె," అంది. "పైన వంపు కాస్త తక్కువ కొట్టేడు గాని, మనదే." ఇంకొంచెం జరిపి, "మీ నాన్నది కూడా తెచ్చేవురా," అంది.

దాచమంటావా అని నేను అడిగితే, అటక మీద గుండిగలో పెట్టు, ఈసారి ఎవరి పెళ్ళికీ ఇవ్వకు, అంది. మా అక్కయ్య మొగుడు, జీవితమంతా తెలుగు చెప్పిన మనిషి, ఒళ్ళో ఉత్తరం విప్పి, అప్పటిదాకా లేని గౌరవంతో గొంతెత్తి పైకి చదివారు.

"అయ్యా, మీ అభ్యర్థనను, మండల రెవెన్యూ అధికారి వారి ధ్రువపత్రమును పరిశీలించడమైనది. మీ పేరునకు, మీ తండ్రిగారి పేరునకు ముందు గల 'ఐ' తొలగించి, మీ ఇంటిపేరు పొడి అక్షరము చేర్చి, సవరించిన పట్టాను ఇందుతో జతపరచడమైనది. కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము. పట్టా అందినట్లు తిరుగు టపాలో తెలియజేయగలరు. తెలియజేయునప్పుడు 'ఆయ్' అని మాత్రం రాయవద్దని మనవి."